బోగదాల దోవలో

మడకశిరకు బదిలీ అయి వచ్చిన రెండో ఏడాది నేను సైకిలు తొక్కడం మొదలుపెట్టాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయంటే డాక్టరమ్మ నడవమంది. నడిస్తే ఇంకా నొప్పిగా ఉందంటే, అయితే సైకిలు తొక్కు అంది. మా అమ్మాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్తూ వదిలేసిన గేర్ల సైకిలు వరండాలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. దానికి గాలి కొట్టించి, సీటు దించి, నాదిగా చేసుకున్నాను.

ఊళ్ళో తొక్కడానికి మొహమాటం. నేను బడిలో సైన్సు చెప్తాను. ఏ వీధిలోకి వెళ్ళినా నా పిల్లలే. చుడీదారు వేసుకుని, తలకు హెల్మెట్టు పెట్టుకుని సైన్సు మిస్సు సైకిలు మీద పోతుంటే వాళ్ళు వారమంతా నవ్వుకోవడానికి సరిపోతుంది. మా ఆయనే ఉపాయం చెప్పారు. కొండను చుట్టి కొత్త రోడ్డు వేశాక పాత హైవేను వదిలేశారనీ, అటు మనుషులు తిరగరనీ, దారిలో కొండను తొలిచిన మూడు సొరంగాలు ఉన్నాయనీ, చూడ్డానికి బాగుంటుందనీ అన్నారు. ఆయన చూశారా అంటే లేదు. వాళ్ళ స్టాఫ్ రూములో ఎవరో చెప్పారట. సొరంగాల్ని ఈ వైపు బోగదాలంటారు. మొదటి రెండూ దగ్గర దగ్గర, మూడోది కాస్త దూరం, అది దాటితే అటువైపు పల్లం కనిపిస్తుందని కూడా ఆ ఎవరో చెప్పారట.

ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలు ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసిన ఏడు అది. రెండు పక్కలా చేలు పచ్చగా కాదు, ఎండిపోయీ కాదు, ఎటూ తేలని రంగులో ఉన్నాయి. పాత రోడ్డు మొదట్లో మట్టికుప్ప పోసి దారి మూశారు. కుప్ప పక్కనుంచి బైకులు పోయి పోయి సన్నటి బాట పడింది. అక్కడ దిగి సైకిలు నడిపించుకుని అవతలికి వెళ్ళి ఎక్కాను.

అంత వెడల్పు రోడ్డు మీద నేనొక్కదాన్నే తొక్కడం వింతగా అనిపించింది. నడిమి తెల్ల గీత అక్కడక్కడా ఇంకా ఉంది. తారు పెచ్చులు లేచిన చోట గడ్డి, మలుపుల్లో తంగేడు. ఒకచోట రైతులెవరో రోడ్డు మీదే ఉలవలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి పోయారు. నాకు అలవాటుకొద్దీ ఎడమ పక్కనే పోవాలనిపిస్తుంది. కాసేపటికి ఎవరి కోసం పక్కకు తొలగుతున్నానో అర్థంకాక నడిమికి వచ్చేశాను. మళ్ళీ భయం వేసి ఎడమకు వెళ్ళాను.

మొదటి బోగదా చిన్నది. ఇటునుంచి చూస్తే అటు వెలుతురు కనిపిస్తుంది. లోపల చల్లగా ఉంది, గబ్బిలాల వాసన. దాటగానే రోడ్డు వాలుగా దిగింది. బ్రేకు వదిలేసి జారుతూ పోయాను. చిన్నప్పటి తర్వాత అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. పక్కన ఏముందో చూడనే లేదు.

రెండోది పొడుగు. లోపల వంపు తిరిగి ఉంది. కొంత దూరం పోయాక వెనక వెలుతురు పోయింది, ముందు వెలుతురు ఇంకా రాలేదు. దిగి, ఫోన్లో లైటు వేసుకుని నడుస్తున్నాను. అప్పుడు గంటల చప్పుడు మొదలైంది. ముందునుంచా వెనకనుంచా తెలియలేదు. గోడలకు కొట్టుకుని అన్నివైపుల నుంచీ వస్తున్నట్టుంది. తర్వాత గిట్టల చప్పుడు, గొర్రెల వాసన. ఎవరో మగమనిషి చీకట్లోంచి పలికాడు.

"ఆ లైటు ఆర్పక్కా. గొర్రెలు బెదురుతాయి. ఆడ్నే నిలబడుకో, కదలద్దు."

ఆర్పేశాను. గోడకు ఆనుకుని సైకిలును అడ్డం పెట్టుకున్నాను. మంద నా రెండు పక్కలా ఒరుసుకుంటూ పోయింది. ఉన్ని నా చేతులకు తగులుతోంది, చక్రం కింద ఏదో ఇరుక్కుంటోంది, నేను సైకిలును ఇటు లాగి అటు తిప్పి ఆ వెల్లువలో పడకుండా నిలబడ్డాను. ఎంతసేపు పోయాయో. గంటల చప్పుడు దూరమైంది. లైటు వేసుకోవాలని కూడా తోచలేదు. గోడను తడుముకుంటూ నడిచాను. కాసేపటికి వెలుతురు కనిపించింది. ప్రాణం లేచొచ్చి గబగబా బయటికి వచ్చాను.

బయట ఒక్క గొర్రె లేదు. అన్ని గొర్రెలు ఇంతలోనే ఎటు పోయాయో తెలియలేదు. కొండ ఎక్కి ఉంటాయిలే అనుకున్నాను. అదే ఎర్రమట్టి, అవే బండలు, దూరంగా గాలిమరలు. సైకిలు ఎక్కాను. రోడ్డు ఎత్తుగా ఉంది. మూడోది దాటితే గానీ పల్లం రాదన్నారు కదా అని ఆయాసపడుతూ తొక్కాను. ఎండ మొహం మీద పడుతోంది. వచ్చేటప్పుడు వీపు మీద పడింది కదా అని ఒక్క క్షణం అనిపించింది గానీ, రోడ్డు మలుపులు తిరిగింది, అందుకేలే అనుకున్నాను.

ఎత్తు మీద బోగదా నోరు కనిపించింది. అదే మూడోదనుకున్నాను. దానికి ముందు, రోడ్డుకు ఒక పక్కగా, పెద్ద బండ చాటున మూడు గోడలు, మీద ఒక రేకు. ఆ నీడలో ఒక అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు అది టీ కొట్టయి ఉంటుంది. గోడకు మసి ఇంకా వదల్లేదు.

"ఇంతకుముందర ఇట్లనే పోతివి కదా," అంది నన్ను చూసి. "మల్లా వస్తాండావేమి?"

ఇది మూడో బోగదానా అని అడిగాను. అవ్వ చేత్తో అటూ ఇటూ చూపించి, ఇది మొదటిదనీ, నడిమి దాంట్లోకి పోయి నేను మళ్ళీ ఈ పక్కకే వచ్చాననీ చెప్పింది. గొర్రెలు తోలుకుపోయింది ఆమె కొడుకేనట. మంద ఈపాటికి అవతల పక్క మేస్తూ ఉంటుందట. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎక్కివచ్చిన ఎత్తు ఇందాక నేను జారిపోయిన వాలే. అలా చెప్తే అలాగే కనిపించింది. ఒక్క నిమిషం కింద అది నేనెన్నడూ చూడని రోడ్డు. కళ్ళు తిరిగినట్టయి సైకిలును గోడకు ఆనించాను.

అవ్వ స్వల్పసేపు కుచ్చో అంది. కన్నడం, తెలుగు కలిసిన మాట. కూర్చుని హెల్మెట్టు తీసి, చెమట తుడుచుకున్నాను. అవ్వ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"బిడ్డ ఎట్లుండాది?" అంది.

మా వైపు ముసలివాళ్ళు ఎవరినైనా ముందు పిల్లల గురించే అడుగుతారు. మా అమ్మాయి గుర్తొచ్చి, బాగుందవ్వా అన్నాను. అవ్వ మొహం విప్పారింది.

"జ్వరం తగ్గినాదా?"

అప్పుడు నాకు తేడా తెలిసింది. ఏ జ్వరమని అడగబోయి ఆగాను. ఆమె కళ్ళు నా జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. తగ్గింది అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అవ్వ ఊపిరి పీల్చుకుని, గోడకు చేరగిలబడి, ఆ రోజు సంగతి నాకే చెప్పడం మొదలుపెట్టింది. బస్సు బోగదా ముందు చెడిపోయి నిలబడిపోయిందట. అందరూ దిగి నీళ్ళకూ టీకీ వచ్చారట. నేను మాత్రం బిడ్డను ఒళ్ళో వేసుకుని మూల కూర్చున్నానట. ముట్టుకుంటే బిడ్డ ఒళ్ళు కాలిపోతోందట. తడిగుడ్డ వేసి, మిరియాలు కాచి నోట్లో పోస్తే పళ్ళు బిగించేసిందట. ఆవల ఒక చెనిక్కాయల లారీ వస్తే, దాన్ని చేతులు అడ్డం పెట్టి ఆపి, నన్నూ బిడ్డనూ ఎక్కించి ఆస్పత్రికి పంపించిందట. "బిడ్డకు నయమైనాక ఇదే దావలో వచ్చి చూపిచ్చి పోతానక్కా అని చెప్పి పోతివి," అంది. తర్వాత నన్ను అనుమానంగా చూసి, "అప్పుడు అక్కా అంటివి. ఇప్పుడు అవ్వా అంటాండావు," అంది.

ఆ బిడ్డ తల్లి ఇప్పుడు బతికి ఉంటే అవ్వకంటే కొంచెమే చిన్నదై ఉంటుంది. ఆ లెక్క అవ్వకు లేదు. మళ్ళీ వస్తానని చెప్పి లేచాను. మూడో బోగదా చూడాలన్న మాటే మర్చిపోయి ఇంటి దారి పట్టాను.

మట్టికుప్ప దాటుతుండగా నాకు ఒకటి గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ నా దగ్గర ఒక జ్ఞాపకం ఉంది. ఎవరి ఒళ్ళోనో వెల్లకిలా పడుకుని ఉన్నాను. పైన చీకటి వేగంగా వెనక్కి పోతోంది. ఉన్నట్టుండి తెల్లగా వెలుతురు. అంతే. ఆ ముందూ లేదు, వెనకా లేదు. అది రైల్లో అనుకునేదాన్ని. రైలయితే పైన కప్పు ఉంటుంది, చీకటి ఎలా కనిపిస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. లారీ వెనక పడుకుంటే కనిపిస్తుంది.

సైకిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మాది ధర్మవరం. మగ్గాల ఇల్లు. మా పిన్నిని అవతల కర్ణాటకలోని శిరలో ఇచ్చారు. మా అమ్మ పిన్నిని చూడ్డానికి ఈ దారిలోనే వెళ్ళి ఉండాలి. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేశాను. ఆయన మా అన్న ఇంట్లో ఉంటాడు, ఇప్పటికీ మగ్గం దగ్గర కూర్చోకపోతే పొద్దుపోదు. అమ్మ మమ్మల్ని తీసుకుని శిరకు పోవడం నిజమేనన్నాడు. హిందూపురం దాకా రైలు, ఆపైన బస్సు. దారిలో బిడ్డకు జ్వరం వచ్చిందన్నదీ నిజమేనన్నాడు. అయితే జ్వరం వచ్చింది నాకు కాదట, మా అన్నకట. పక్కనుంచి మా అన్న, నాకేం గుర్తులేదు నాయనా అని అరవడం వినిపించింది. లారీ ఎక్కిన సంగతి అమ్మ ఎప్పుడైనా చెప్పిందా అని అడిగితే, మీ అమ్మ దారిలో పడ్డ కష్టాలు ఇంటికొచ్చి చెప్పే మనిషి కాదన్నాడు.

పిన్నికి చేశాను. పిన్ని తడుముకోకుండా చెప్పింది. జ్వరం నాకేనట, ఖాయంగా నాకేనట. కానీ దారిలో కాదు, వాళ్ళింటికి వచ్చాక మూడో పూట వచ్చిందట. ఆస్పత్రికి ఎత్తుకుపోయింది తనేనట. మరి నాయన అన్నకు అంటున్నాడే అంటే, మగవాళ్ళకు ఏ బిడ్డకు ఏమొచ్చిందో ఏం తెలుస్తుందని కొట్టిపారేసింది.

మా ఆయన అంతా విని, దేశంలో జ్వరం వచ్చిన పిల్లలూ చెడిపోయిన బస్సులూ ఎన్ని లేవన్నారు. అది నిజమే. నేనూ అలాగే అనుకుని వదిలేయాలని చూశాను. బడిలో పాఠం చెప్తూ చెప్తూ ఆగిపోయేదాన్ని. పిల్లలు పుస్తకాల్లోంచి తలెత్తి చూసేవాళ్ళు. నేనే ఆ బిడ్డనైతే, నన్ను ఎత్తి లారీలో పడుకోబెట్టిన మనిషి ఇక్కడికి కూతవేటు దూరంలో ఉంది. కాకపోతే, ఒక ముసలమ్మకు అబద్ధం చెప్పి వచ్చాను. రెండింట్లో ఏదో తెలియకుండా ఉండటం చెప్పులో రాయిలా ఉంది.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. బన్నులు, అరటిపళ్ళు సంచిలో పెట్టుకున్నాను. ఈసారి అవ్వతో పాటు ఒక నడివయసు ఆడమనిషి ఉంది. కొడుకు పెళ్ళాం. పల్లె కొండ అవతలే ఉంది, పగలంతా అత్త ఇక్కడ కూర్చుంటుందని, తను మధ్యాహ్నానికి సంగటి తెచ్చి పెడుతుందని చెప్పింది. ఇంట్లో కూర్చోబెడితే ఉండదట. బస్సుల పొద్దయిందని లేచి వచ్చేస్తుందట.

అవ్వ నన్ను చూసి కూర్చోమంది. బన్ను తుంచుకుని నమిలింది. వాన సంగతి మాట్లాడింది. బిడ్డ గురించి అడుగుతుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. అడగలేదు. నేను ఎవరో గుర్తుపట్టిందా లేదా అన్నదీ తెలియలేదు.

కోడలు నన్ను పక్కకు పిలిచి, ఆ రోజు వచ్చింది మీరేనా అని అడిగింది. అవునన్నాను. అత్త అందరినీ అదే మాట అడుగుతుందట. మాత్రలు ఇవ్వడానికి వచ్చే నర్సమ్మను, ఇళ్ళ లెక్కకు వచ్చిన అమ్మాయిని, దారి తప్పి కారులో వచ్చిన వాళ్ళను, ఆడమనిషి కనిపిస్తే చాలు, బిడ్డ ఎట్లుందని. లారీ ఎక్కించిన తర్వాత ఆ బిడ్డ ఏమైందో ఇక్కడెవరికీ తెలియదట. తనకు పెళ్ళయి వచ్చేనాటికే అది పాత మాట.

"అందరూ బాగుందనే చెప్తారక్కా," అంది కోడలు. "ఎవురు చెప్పినా నమ్మదు. మల్లా ఇంకొకర్ని అడుగుతుంది. నువ్వొచ్చి పోయినప్పట్నుంచి మాత్రం ఎవుర్నీ అడగల్యా. నువ్వేం చెప్పినావు?"

బాగుందనే చెప్పానన్నాను. కోడలు నా మొహం వంక చూసింది. ఇంకేదో చెప్పి ఉంటాననుకున్నట్టుంది.

నేను వెళ్ళి అవ్వ ముందు కూర్చుని, ఆ రోజు బస్సులో వచ్చిన ఆమె ఎలా ఉంటుందని అడిగాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. చీరల మూట ఒకటి చంకలో పెట్టుకుని ఉందంది. మా అమ్మ పిన్నింటికి వెళ్ళినప్పుడల్లా, శిరలో అంగళ్ళకు చూపించడానికి నాయన చీరలు మూటగట్టి ఇచ్చేవాడు. తర్వాత అవ్వ, ఆమె ఎత్తరి అంది. మా అమ్మ పొట్టి. కన్నడం బాగా మాట్లాడింది అంది. మా అమ్మకు కన్నడం ఒక్క ముక్క రాదు. పిన్నికి వచ్చు. పిన్ని ఎత్తరే. కానీ పిన్ని నన్ను బస్సులో తెచ్చిన మాటే చెప్పలేదు. బిడ్డ ఆడా మగా అని అడిగాను. అవ్వ చాలాసేపు ఆలోచించి, గుడ్డలు చుట్టి ఉండాది, యాడ చూసినాను అంది.

ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఆగలేక అనేశాను.

"అవ్వా, ఆ బిడ్డ నేనేనేమో."

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. నా నెరిసిన జుట్టు, మోకాళ్ళకు వేసుకున్న పట్టీలు, అన్నీ చూసింది. తర్వాత పళ్ళు లేని నోటితో నవ్వింది. కోడలు కూడా నవ్వింది.

"నువ్వా?" అంది అవ్వ. రెండు చేతులూ ఎడంగా పెట్టి, మధ్యలో ఎంత చోటుందో చూపించింది. "ఆ బిడ్డ ఇంతే ఉండాది."

నేనూ నవ్వాను. ఏడుపు కూడా వచ్చింది, హెల్మెట్టు పట్టీ సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆమె చేతుల మధ్య ఉన్న ఆ చోటును చూస్తూ ఉండిపోయాను. అందులో నేను పట్టను. ఎప్పుడైనా పట్టానో లేదో చెప్పగలిగిన మనిషి మా అమ్మ ఒక్కతే.

పిన్నికి ఆ రాత్రే మళ్ళీ ఫోన్ చేద్దామనుకున్నాను. చేశాను కూడా. ఎంతమంది పిల్లల్ని ఎన్ని బస్సుల్లో మోశానో నాకేం గుర్తుంటుందే అంది. పోయినసారి అంత ఖాయంగా చెప్పిన మనిషే. ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు. జ్వరం వచ్చింది మా అన్నకే అని నాయన ఇప్పటికీ అంటాడు. మా ఆయన నాకే అంటారు, ఆయనకు ఎలా తెలుసంటే ఊరికే అంటారు.

ఇంతకీ ఆ రోజు అవ్వ దగ్గర సెలవు తీసుకుని, ఈసారైనా మూడో బోగదా దాకా పోదామని సైకిలు ఎక్కబోతుంటే అవ్వ వెనకనుంచి పిలిచింది. కోడలు భుజం పట్టుకుని లేచి నిలబడింది. నడిమి బోగదాలో వంపు ఉందని, అవతలి నుంచి బస్సు వస్తే కనపడదని, సైకిలు గంట కొట్టుకుంటూ పొమ్మని చెప్పింది. బస్సులెక్కడివి అత్తా అని కోడలు అంటే విననట్టే చెయ్యి ఊపింది.

సరేనన్నాను. వాలు దిగి, రెండో బోగదాలోకి వెళ్ళాక, లైటు వేసుకుని, ఎడమ గోడ వారగా నడుస్తూ, అటు చివర వెలుతురు కనిపించేదాకా గంట కొడుతూనే పోయాను.